స్టాండర్డ్ హెరాల్డ్ ముందు సస్పెన్షన్, డిస్కు బ్రేకులు: విప్పడం నుంచి భాకరాపేట ఘాటు దిగేదాకా

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇంకా నడుస్తున్న స్టాండర్డ్ హెరాల్డ్ కార్ల యజమానులు తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ముందు చక్రాల డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు వేస్తే భాకరాపేట ఘాటులోనో మొగిలి ఘాటులోనో ధైర్యంగా దిగవచ్చునా అని. దిగవచ్చు. అయితే డిస్కు వేయడం ఈ పనిలో సగం కూడా కాదు. దానికి ముందు చేయవలసిన పనిని వదిలి నేరుగా బ్రేకు దగ్గరకు పోయినవారే ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు కాబట్టి, ఈ మార్గదర్శిలో క్రమానికే ప్రాధాన్యం ఇచ్చాను.

హెరాల్డ్, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు ఒకే కుటుంబానికి చెందినవి. ముందు సస్పెన్షన్ నిర్మాణం రెండింటిలోనూ ఒకే తీరులో ఉంటుంది. అందువల్ల స్పిట్‌ఫైర్ ఉన్నవారికీ 4వ అంశం నుంచి ఇదంతా వర్తిస్తుంది.

1. ఏది ముందు, ఏది తర్వాత

బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది. ఆ బరువును మోసేవి బుష్షులు (కీళ్లలోని తొడుగులు), బాల్ జాయింట్లు, ట్రనియన్లు (చక్రాన్ని మోసే నిలువు లింకు కింది కీళ్లు), హబ్బు (చక్రం బిగించే భాగం) బేరింగులు. అవి అరిగి వదులుగా ఉండగా బ్రేకు బలం పెంచితే చక్రం వెనక్కీ పక్కకీ కదిలి, స్టీరింగు ఒక వైపు లాగుతుంది. కాబట్టి క్రమం ఇలా ఉండాలి:

- మొదట అరిగిన కీళ్లన్నీ కొత్తవి వేయాలి.
- తర్వాత హబ్బు, డిస్కు, కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కే భాగం) బిగించాలి.
- ఆ తర్వాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలును నెట్టేది), పైపులు, గొట్టాలు మార్చాలి.
- గట్టి స్ప్రింగులు, లావు యాంటీ రోల్ బారు కావాలనుకుంటే, బండిని వెయ్యి కిలోమీటర్లు నడిపాక ఆలోచించాలి.

చాలామంది ఈ చివరి దానితోనే మొదలుపెడతారు. మన ఊళ్ల స్పీడు బ్రేకర్ల మీద బండిని కిందికి దించి నడపడం ఇంజను అడుగున ఆయిలు ఉండే సంపుకు మంచిది కాదని మాత్రం చెప్పగలను.

హెరాల్డ్ వెనక భాగంలో స్వింగ్ యాక్సిల్ (లోపలి కొన దగ్గరే మడుచుకొని, చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగే ఇరుసు) ఉంటుంది. మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు వేస్తే బండి వెనక భాగం పైకి లేచి, చక్రాలు లోపలికి మడుచుకొని, తోక పక్కకు జారే స్వభావం దానికి పుట్టుకతోనే ఉంది. ముందు డిస్కులు ఈ స్వభావాన్ని మార్చవు. పైగా బ్రేకు బలం పెరిగిందన్న భరోసాతో మలుపులోకి వేగంగా పోయేవారికి అది ఇంకా త్వరగా ఎదురవుతుంది.

2. కాగితాల సంగతి

2021లో వచ్చిన వింటేజ్ వాహనాల కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులకు లోనుకాని బండ్లకే ఆ ప్రత్యేక నమోదు దొరుకుతుంది. కాబట్టి ఛాసిస్‌ను కోయడం, దానికి కొత్త బ్రాకెట్లు వెల్డింగు చేయడం వద్దు. బోల్టులతో బిగించి, కావలసినప్పుడు విప్పి పాతవి తిరిగి వేయగలిగే మార్పులే చేయండి. తీసిన డ్రమ్ములు, బ్యాక్ ప్లేట్లు, సిలిండర్లు నూనె రాసి పేర్లు కట్టి దాచండి. పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలోనూ బీమా ఏజెంటు దగ్గరా విచారించుకోండి. తిరుమల కొండకు తీసుకుపోవాలనుకుంటే, పాత బండ్లను ఘాటు రోడ్డు మీదికి ఎప్పుడు అనుమతిస్తున్నారో బయలుదేరేముందు కనుక్కోండి.

3. సామాను సమకూర్చుకోవడం

డిస్కు సామాను కొనేటప్పుడు వర్టికల్ లింకు (చక్రాన్ని మోసే నిలువు లింకు), స్టబ్ యాక్సిల్ (హబ్బు తిరిగే పొట్టి ఇరుసు), హబ్బు, డిస్కు, కాలిపర్ బ్రాకెట్, కాలిపర్ అనే ఆరింటినీ ఒకే స్పిట్‌ఫైర్ మోడలుకు చెందిన పూర్తి సెట్టుగా తీసుకోవాలి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ కొంటే డిస్కు కాలిపర్ నడుమకు రాదు. వాషర్లు పెట్టి సర్దే పని మొదలవుతుంది. బ్రేకు దగ్గర అటువంటి సర్దుబాటు పనికిరాదు.

మారుతి 800 హబ్బు, కాలిపర్ వేస్తే చవకగా తేలుతుందని షెడ్లలో చెబుతారు. దాని బోల్టుల వృత్తం 114.3 మి.మీ.; హెరాల్డ్‌ది 95.25 మి.మీ. అంటే ముందు చక్రాలు వెనక్కీ, వెనక చక్రాలు ముందుకీ సరిపోవు. స్టెప్నీ రెండు కావాలి. అడాప్టర్ ప్లేటు లేత్ మీద చేయించి బిగించిన బండ్లు నడుస్తున్నాయి, నిజమే. కానీ ఆ ప్లేటు ఉక్కు ఏ రకానిదో, ఎంత బలం తట్టుకుంటుందో చెప్పగలిగిన మేస్త్రీ నాకు ఇంతవరకు తారసపడలేదు. నేను ఆ దారిని సూచించను.

మామూలు బేరింగులు, సీళ్లు, నట్లు, బోల్టుల కోసం చెన్నై జీపీ రోడ్డుకు ఒక రోజు కేటాయిస్తే చాలు. ట్రనియన్లు, వర్టికల్ లింకులు మాత్రం పాతవి కొనవద్దు; ఇంగ్లండు నుంచి తెప్పించుకోవలసి వచ్చినా సుంకం కట్టి కొత్తవే తీసుకోండి.

పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉండవలసినవి:

- అంగుళాల కొలత పానాలు, సాకెట్లు: 7/16, 1/2, 9/16, 5/8, 3/4. మిల్లీమీటరు పానాతో పాత నట్టు అంచులు అరిగిపోతాయి.
- టార్క్ రెంచి, డయల్ గేజి, ఫీలర్ గేజి, వెర్నియర్.
- నాలుగు యాక్సిల్ స్టాండ్లు, రెండు చెక్కదిమ్మలు.
- బాల్ జాయింటు పుల్లరు, స్ప్రింగు కంప్రెసరు.
- బ్రేకు పైపులకు వాడే ఫ్లేర్ పానా.
- కొత్త స్ప్లిట్ పిన్నులు, లోపల నైలాన్ ఉన్న లాక్ నట్లు. పాతవి మళ్లీ వాడకూడదు.
- ఈపీ 90 గేరు ఆయిలు, డాట్ 4 బ్రేకు ఆయిలు సీలు విప్పని డబ్బాలు, రబ్బరుకు వాడే ఎర్ర గ్రీజు.
- ఆ మోడలు వర్క్‌షాప్ మాన్యువల్. బిగింపు కొలతలన్నీ అందులోవే పాటించాలి.

4. బండిని ఎత్తడం, విప్పడం

హెరాల్డ్ బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది కాబట్టి ఈ పనికి ఇంతకన్న అనువైన బండి మరొకటి ఉండదు. చదునైన గచ్చు మీద నిలిపి, వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు చక్రాల నట్లు నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేయండి. జాకీని ఛాసిస్ ప్రధాన దూలం కిందే పెట్టాలి. పక్కకు పొడుచుకు వచ్చిన ఔట్‌రిగ్గర్లు తుప్పు పట్టి ఉంటాయి. ఎత్తాక స్టాండ్లు పెట్టి, బండిని పక్కకు గట్టిగా ఊపి చూశాకే కిందికి చెయ్యి పెట్టండి. జాకీ మీదే ఆగిన బండి కింద ఎన్నడూ పడుకోవద్దు.

పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ములోని పొడిని కంప్రెసరు గాలితో ఊదకుండా, నీళ్లతో తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

ఒకసారి ఒక వైపే విప్పండి. రెండో వైపు విప్పకుండా ఉంటే, ఏ వాషరు ఎక్కడిదో తేలనప్పుడు అటు పోయి చూసి రావచ్చు. కింది విష్‌బోన్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చెయ్యి) లోపలి బ్రాకెట్‌కూ ఛాసిస్‌కూ నడుమ పలుచని షిమ్ములు ఉంటాయి. ముందు ఎన్ని, వెనక ఎన్ని అనేది కాగితం మీద రాసుకోండి, ఫొటో కూడా తీసుకోండి.

స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే ముక్కగా బయటకు వస్తాయి. పైన టరెట్ (స్ప్రింగు పై కొనను పట్టే దిమ్మ) మీద ఉన్న మూడు చిన్న నట్లు, కింద ఒక బోల్టు తీస్తే చాలు. నడుమనున్న పెద్ద నట్టును బండి మీద ఉండగా విప్పకూడదు. నొక్కుకుపోయి ఉన్న స్ప్రింగును ఆపుతున్నది అదే. విప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

5. ట్రనియన్: ఇక్కడ తొందరపడకూడదు

వర్టికల్ లింకు కింది కొన మరతో ఒక ఇత్తడి రంగు దిమ్మలోకి దిగుతుంది. దాన్నే ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఆ మర ట్రనియన్‌లో తిరుగుతుంది. అంటే బండి ముందు భాగంలో ఆ వైపు బరువంతా, దాంతోపాటు బ్రేకు వేసినప్పటి వంపు బలమూ, ఒక మర మీద ఆధారపడి ఉన్నాయన్న మాట. ఆ మర లోపల ఉండవలసింది గ్రీజు కాదు, ఈపీ 90 గేరు ఆయిలు. గ్రీజు మర సందుల్లోకి దిగక గట్టిపడుతుంది. పైనుంచి నీళ్లు దిగి, మర మొదట్లో తుప్పు గుంటలు పడి, ఒకనాడు లింకు అక్కడే తెగిపోతుంది.

ఇది నా అనుభవం కూడా. చిత్తూరులో ఒక షెడ్డులో సర్వీసింగుకు ఇచ్చినప్పుడు గ్రీజు, ఆయిలు ఎక్కించే నిపుళ్లన్నిటికీ గ్రీజు కొట్టి పంపారు. నేనూ చూసి ఊరుకున్నాను. రెండు వర్షాకాలాలు గడిచాక, చంద్రగిరి దగ్గర పెట్రోలు బంకులోకి నెమ్మదిగా స్టీరింగు పూర్తిగా తిప్పుతుండగా కుడి చక్రం బండి కిందికి మడుచుకుపోయింది. అదే ఘాటులో జరిగి ఉంటే ఈ రాత రాసేవాణ్ణి కాను.

వర్టికల్ లింకు పాతదే వాడదలిస్తే, దాన్ని డీజిలుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, డై పెనిట్రెంట్ స్ప్రేతో పగుళ్లు చూడండి. మర పైభాగంలో ఎర్రని సన్నని గీత కనబడినా, గోటికి తగిలే తుప్పు గుంట ఉన్నా పారేయండి. వెల్డింగు చేయించడం, లేత్ మీద మర శుభ్రం చేయించడం రెండూ వద్దు.

బిగించే పద్ధతి:

- ఒక వైపు మర కుడి తిప్పుడు, రెండో వైపు ఎడమ తిప్పుడు. ట్రనియన్లు తారుమారు చేయకూడదు. బలవంతంగా ఎక్కిస్తే ఇత్తడి మర కొట్టుకుపోతుంది.
- మరకు ధారాళంగా ఆయిలు పోసి, ట్రనియన్‌ను చేత్తో చివరిదాకా ఎక్కించి, విష్‌బోన్‌కు వరుస కుదిరేదాకా వెనక్కి తిప్పండి. ఒక చుట్టు మించి వెనక్కి రావలసిన పని లేదు.
- పూర్తిగా బిగిసిపోయిన చోటే వదిలేస్తే, స్టీరింగు ఒక వైపు తిరిగినప్పుడు మర అడుగున ఆనుకొని లింకు మీద బలం పడుతుంది. రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎక్కడా పట్టుకోవడం లేదని చూసుకోండి.
- పక్కనున్న ప్లగ్గు తీసి నిపుల్ పెట్టి, పైనుంచి కొత్త ఆయిలు కారేదాకా ఆయిలు గన్నుతో కొట్టండి.

నేను 5,000 కిలోమీటర్లకు ఒకసారి, దూరంతో నిమిత్తం లేకుండా నవంబరు వానలకు ముందు ఒకసారి, ఆ వానల తర్వాత ఒకసారి ఆయిలు పెడుతున్నాను. నిపుల్ పక్కన తెల్ల పెయింటుతో "ఆయిలు మాత్రమే" అని రాయడం కూడా మంచిదే. షెడ్డులో మనం పక్కన లేనప్పుడు అదే కాపాడుతుంది.

6. బుష్షులు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు

రబ్బరు బుష్షులు వేస్తే విష్‌బోన్ బోల్టులను చివరిగా బిగించేది బండి చక్రాల మీద నిలబడ్డాకే. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, నేల మీదికి దించగానే రబ్బరు మెలితిరిగి, కొద్ది నెలల్లో చిరిగిపోతుంది. మన దగ్గర కొత్త బుష్షులు నిలవడం లేదని చెప్పే చాలా ఫిర్యాదులకు కారణం ఇదే. పాలీయురెథేన్ బుష్షులు ఇనుప స్లీవు మీద తిరుగుతాయి కాబట్టి వాటికి ఈ ఇబ్బంది లేదు. కానీ రోడ్డు గరుకుదనం స్టీరింగులోకి ఎక్కువగా వస్తుంది. రోజువారీ బండికి నా మొగ్గు రబ్బరు వైపే.

పై బాల్ జాయింటులో ఏమాత్రం ఆట ఉన్నా మార్చండి. షాక్ అబ్జార్బర్లు జతగా మార్చాలి.

7. హబ్బు, డిస్కు, కాలిపర్

డిస్కును హబ్బుకు బిగించే ముందు రెండు ముఖాలనూ మెరిసేదాకా శుభ్రం చేయండి. వెంట్రుకంత తుప్పు పొర మిగిలినా అంచు దగ్గర డిస్కు ఊగుతుంది. కొత్త బేరింగులకు గ్రీజు నిండా అద్ది, నట్టును బిగిస్తూ హబ్బును తిప్పుతూ బేరింగులను కూర్చోబెట్టి, ఆ తర్వాత వెనక్కి వదులు చేయాలి. హబ్బుకు ముందుకూ వెనక్కూ 0.05 నుంచి 0.20 మి.మీ. వరకు ఆట ఉండాలి. ఇవి శంఖాకారపు రోలర్ బేరింగులు. ఆట లేకుండా బిగిస్తే వేడెక్కి మాడిపోతాయి. ఆట ఎక్కువైతే డిస్కు ప్యాడ్లను వెనక్కి కొట్టి, పెడల్ మొదటి తొక్కుకు లోపలికి పోతుంది.

తర్వాత డయల్ గేజి పెట్టి డిస్కును ఒక చుట్టు తిప్పండి. ఊగడం 0.05 మి.మీ. దాటితే డిస్కును హబ్బు మీద ఒక రంధ్రం జరిపి మళ్లీ కొలవండి. చాలాసార్లు దానితోనే సరిపోతుంది.

కాలిపర్‌కు సంబంధించి మూడు జాగ్రత్తలు:

- రెండు సగాలను కలిపిన బోల్టులు విప్పవద్దు. పిస్టన్లు, సీళ్లు వాటిని విప్పకుండానే మార్చవచ్చు.
- సీళ్లను కిరోసిన్, పెట్రోలు, డీజిలు తాకకూడదు. కొత్త బ్రేకు ఆయిలుతోనే కడగాలి.
- కాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయవద్దు. తీగతో విష్‌బోన్‌కు కట్టండి.

చివరగా చక్రం బిగించి చేత్తో తిప్పండి. రిమ్ము లోపలి వైపు అతికించిన బ్యాలెన్సింగ్ సీసపు ముక్కలు కాలిపర్‌కు తగులుతాయేమో చూడండి.

8. మాస్టర్ సిలిండర్, పైపులు

డ్రమ్ము బ్రేకులో షూ తనంతట తానే డ్రమ్ములోకి లాక్కుపోయే గుణం ఉంటుంది. డిస్కుకు అది లేదు. కాబట్టి డిస్కులు వేశాక పెడల్ బరువుగా అనిపించడం సహజం. దాన్ని లోపమనుకొని వెంటనే సర్వో బూస్టరు కొననవసరం లేదు. బూస్టరు కాలి శ్రమను తగ్గిస్తుంది. టైరుకూ రోడ్డుకూ నడుమనున్న పట్టును అది పెంచలేదు.

మాస్టర్ సిలిండర్ వ్యాసం విషయంలో చిన్న లెక్క చూద్దాం. 0.625 అంగుళాల సిలిండర్ తీసి 0.70 అంగుళాలది వేస్తే, ప్రతి తొక్కుకూ పోయే ఆయిలు సుమారు 25 శాతం పెరుగుతుంది. అదే కాలి బలానికి పుట్టే పీడనం సుమారు 20 శాతం తగ్గుతుంది. కాలిపర్ పిస్టన్లు పెద్దవి కాబట్టి ఆయిలు ఎక్కువ కావాలి, నిజమే. కానీ పెడల్ లోతుగా పోతోందని అంతకన్న పెద్ద సిలిండర్ వేసినవారు, ఆ తర్వాత బండి ఆగడం లేదని వాపోతారు. డిస్కు సెట్టు ఏ మోడలుదో, ఆ మోడలు మాన్యువల్‌లో చెప్పిన వ్యాసమే వేయండి.

డ్రమ్ముల కోసం చేసిన కొన్ని మాస్టర్ సిలిండర్ల బయటి ద్వారంలో పైపులో కొంత పీడనం నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డిస్కులు వేశాక అది అలాగే ఉంటే ప్యాడ్లు డిస్కును వదలవు. విప్పి చూసుకోండి. ఆయిలు డబ్బా చిన్నదైతే, ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం ఎంత దిగుతుందో గమనించి పెద్దది పెట్టుకోండి.

ఇక అన్నిటికన్న ప్రమాదకరమైన తప్పు పైపు నట్ల దగ్గర జరుగుతుంది. హెరాల్డ్ పైపు నట్లు 3/8 అంగుళాల యూ.ఎన్.ఎఫ్. (అంగుళాల కొలత సన్నని) మరవి, అంటే 9.525 మి.మీ.; మారుతి వంటి బండ్లవి 10 మి.మీ. మరవి. చూపుకు రెండూ ఒకటే. 10 మి.మీ. నట్టు 3/8 రంధ్రంలోకి దూరదు కాబట్టి ఆ తప్పు వెంటనే తెలుస్తుంది. 3/8 నట్టు మాత్రం 10 మి.మీ. రంధ్రంలోకి దూరి, బిగిసినట్టే అనిపించి, గట్టిగా బ్రేకు తొక్కిననాడు ఊడివస్తుంది. ప్రతి నట్టునూ వెర్నియర్‌తో కొలిచి, మొదటి నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించండి.

పైపులకు ఏసీ మెకానిక్కులు వాడే మెత్తని రాగి గొట్టం వద్దు. అది అదురుకు గట్టిపడి పగులుతుంది. ఉక్కు పైపు గానీ, రాగి-నికెల్ మిశ్రమపు పైపు గానీ వాడి, కొనలకు రెండు మడతల మూతి వేయించండి. రబ్బరు గొట్టాలను స్టీరింగు రెండు చివరలకూ తిప్పి, చక్రాన్ని పైకీ కిందికీ కదిలించి, ఎక్కడా సాగడం, రాసుకోవడం లేదని చూడండి. హెరాల్డ్ చక్రం మామూలు బండ్లకన్న చాలా ఎక్కువగా తిరుగుతుంది.

ఒకే సర్క్యూటు ఉన్న మాస్టర్ సిలిండర్ అయితే ఒక్క పైపు కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. అందుకే ముందు భాగం కొత్తది చేసి వెనక తుప్పు పైపును వదిలేయకూడదు. హ్యాండు బ్రేకు కేబుల్ కూడా ఇప్పుడే సరిచూసుకోండి.

9. గాలి తీయడం

- వెనక బ్రేకు అడ్జస్టర్లను చక్రం ఆగేదాకా బిగించి, చక్రం తేలికగా తిరిగేదాకా వదులు చేయండి. ఇది వదిలేస్తే ఎంత గాలి తీసినా పెడల్ పైకి రాదు.
- మాస్టర్ సిలిండర్ కుడి వైపు ఉంటుంది కాబట్టి, దూరం నుంచి దగ్గరకు: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.
- కాలిపర్ మీద గాలి తీసే నిపుల్ తప్పనిసరిగా పై కొనలో ఉండాలి. కిందికి వచ్చిందంటే కుడి, ఎడమ కాలిపర్లు తారుమారు అయినట్టే.
- డబ్బాలో ఆయిలు అడుగంటనివ్వవద్దు. బయటికి వచ్చిన ఆయిలు తిరిగి పోయవద్దు.

డాట్ 4 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు; తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాటు దిగేటప్పుడు పెడల్ ఉన్నట్టుండి మెత్తబడడానికి అదే కారణం. రెండేళ్లకొకసారి మార్చండి. డాట్ 5 సిలికాన్ ఆయిలును దీనితో కలపకూడదు.

10. అలైన్‌మెంటు

టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి మొగ్గడం) 0 నుంచి 1.5 మి.మీ. చాలు. క్యాంబర్‌ను (చక్రం లోపలికో బయటికో వాలడాన్ని) షిమ్ములతో సరిచేయాలి: కింది విష్‌బోన్ రెండు బ్రాకెట్లకూ సమానంగా షిమ్ము చేరిస్తే చక్రం అడుగు భాగం బయటికి జరుగుతుంది, ఒకదానికే చేరిస్తే క్యాస్టర్ (స్టీరింగు తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలడం) మారుతుంది. తిరుపతిలో కంప్యూటర్ అలైన్‌మెంటు చేసేవారి దగ్గర ఈ బండి లెక్కలు సాధారణంగా ఉండవు. కొలతలు మాత్రం తీయించుకొని, మార్పులు మీరే దగ్గరుండి చేయించండి. ముందు సీట్లలో ఇద్దరి బరువు ఉండగా కొలవడం మరవవద్దు.

11. మొదటి ప్రయాణం

షెడ్డు నుంచి కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా పదిసార్లు తొక్కండి. కొత్త ప్యాడ్లు డిస్కును చేరకముందు మొదటి తొక్కు నేలకు ఆనుతుంది. ఇది మరచి ఎదురుగా ఉన్న గోడకు కొట్టినవారు ఉన్నారు.

ఖాళీగా, సమతలంగా ఉన్న రోడ్డు మీద తెల్లవారుజామున 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు మెల్లగా తగ్గిస్తూ పదిసార్లు చేయండి. ప్రతిసారికీ నడుమ ఒక నిమిషం గాలికి చల్లారనివ్వండి. వేడి మీద పెడల్ తొక్కిపట్టి నిలపకండి. ప్యాడు ముద్ర డిస్కు మీద పడుతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాకే భాకరాపేట ఘాటుకు పోండి. ఎక్కిన గేరులోనే దిగుతూ, మలుపుకు ముందే బ్రేకు వేసి, మలుపులో వదిలేయాలి. సగం దారిలో వెడల్పు చోటు చూసి ఆగి, రెండు ముందు చక్రాల దగ్గరా వేడి సమానంగా ఉందో లేదో అరచేతిని దూరంగా పెట్టి చూడండి.

12. లోపాలు, సవరణలు

- బండి ఒక వైపు లాగుతోంది: రెండో వైపు పిస్టన్ పట్టేసి ఉంటుంది, లేదా ఆ వైపు రబ్బరు గొట్టం లోపల వాచి ఉంటుంది. టైర్ల గాలి కూడా చూడండి.
- పెడల్ మెత్తగా ఉంది: గాలి మిగిలి ఉంది. మళ్లీ తీయండి.
- పెడల్ గట్టిగానే ఉంది గానీ లోతుగా పోతోంది: వెనక అడ్జస్టర్లు, హబ్బు ఆట.
- చక్రం వేడెక్కి తిరగడం లేదు: పీడనం నిలిపే వాల్వు తీయలేదు, లేదా మాస్టర్ సిలిండర్ తోపుడు కడ్డీకి ఆట లేదు.
- బ్రేకు వేస్తే స్టీరింగు అదురుతోంది: డిస్కు ఊగుతోంది, లేదా విష్‌బోన్ బోల్టు వదులుగా ఉంది.
- వెనక చక్రాలు ముందే బిగిసిపోతున్నాయి: వెనక వీల్ సిలిండర్ వ్యాసం ఆ సెట్టుకు తగినదేనా అని కొలవండి. ఇది తేలేదాకా ఘాటుకు పోవద్దు.

500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడవలసినవి: హబ్బు ఆట, కాలిపర్ బోల్టులు, విష్‌బోన్ బోల్టులు, షాక్ అబ్జార్బర్ పై మూడు నట్లు, ప్రతి పైపు నట్టు చుట్టూ తడి, డబ్బాలో ఆయిలు మట్టం, ట్రనియన్ పైనుంచి ఆయిలు ఆనవాలు.